పత్తి చేలో పుట్టి వేలమంది ఏజెంట్లను నిలబెట్టిన మేడమ్ వాకర్

పొదుపు, అప్పుల లెక్కల పేజీలు అయిపోయాక ఒకరి జీవితం చెప్పుకోవడం ఈ నివేదికలో మనకు అలవాటు. ఈసారి మన దేశం కాని ఒకామె గురించి రాస్తున్నాం. దానికి కారణం ఉంది. ఇంటి దగ్గరే ఉండి సరుకు అమ్ముకోవచ్చు, కింద పదిమందిని చేర్పిస్తే ఇంకా ఎక్కువ వస్తుంది అనే మాట ఈమధ్య మన ఊళ్లలో బాగా తిరుగుతోంది. సంఘంలో అప్పు తీసుకుని అలాంటి వాటిలో కట్టినవాళ్లు ఉన్నారు. కట్టి పోగొట్టుకుని, ఆ కిస్తీలను మిరప కోత కూలి డబ్బులతో తీర్చినవాళ్లూ ఉన్నారు. అట్లాగని ఇంటి దగ్గర అమ్మకాలన్నీ మోసమే అనలేం. ఏది నిలబడుతుంది, ఏది కూలుతుంది అనేది ఈమె జీవితంలో బాగా కనబడుతుంది.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మిసిసిపి నది ఒడ్డున డెల్టా అనే ఊళ్లో పుట్టింది. అదే 1867లో మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పుట్టారు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. మొదట్లో సంగీత కచేరీల దగ్గర ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. చూపించి, వాడించి, తర్వాత అమ్మడం అనే పద్ధతి మనకు కొత్తదేమీ కాదన్నమాట. సారా కూడా ఆ దారినే వెళ్లింది. కాకపోతే ఆమె దగ్గర డబ్బు లేదు, చదువు లేదు, వెనక మనిషి లేడు.

ఆమె తల్లిదండ్రులు ఓవెన్, మినెర్వా ఒక తెల్లదొర పత్తి తోటలో బానిసలు. బానిసత్వం రద్దయ్యాక ఆ ఇంట్లో స్వేచ్ఛగా పుట్టిన మొదటి బిడ్డ సారా. బానిసత్వం పోయిందే గాని చేను మారలేదు. అదే దొర భూమిలో అదే పత్తి. పత్తి తీతకు వెళ్లినవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. వేళ్ల చివర కాయ పెంకు గీరుకుపోవడం, నడుము వంగిపోవడం, సంచి నిండితేనే కూలి రావడం మనకు తెలిసినవే. చిన్నతనంలో సారా చూసిన ప్రపంచం అదే.

ఏడేళ్లు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పదేళ్ల వయసులో అక్క లూవీనియా వెంట నది దాటి విక్స్‌బర్గ్ వెళ్లి ఇళ్లలో పనికి కుదిరింది. అక్క ఇంట్లో బావ పెట్టే బాధలు తప్పించుకోవడానికి పద్నాలుగేళ్లకే మోసెస్ మెక్‌విలియమ్స్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది. 1885లో కూతురు లీలియా పుట్టింది. 1887లో భర్త చనిపోయాడు. అప్పటికి సారాకు ఇరవై ఏళ్లు, చంకలో రెండేళ్ల పిల్ల.

పిల్లను తీసుకుని సెయింట్ లూయిస్ నగరానికి వెళ్లింది. అక్కడ ఆమె అన్నలు మంగలి పని చేసేవారు. సారా మాత్రం బట్టలు ఉతికే పనికి దిగింది. రోజంతా ఉతికినా ఒకటిన్నర డాలరు లోపే వచ్చేది. అలా పదిహేనేళ్లకు పైగా గడిచింది. మధ్యలో రెండో పెళ్లి జరిగింది, అది నిలవలేదు. ఆ కూలితోనే కూతుర్ని మాత్రం చదివించింది. తనకు రాని అక్షరం కూతురికి రావాలని పట్టుపట్టింది. ఆ ఊళ్లోని చర్చిలో చదువుకున్న నల్లజాతి స్త్రీలు కొంతమంది ఉండేవారు. వాళ్లు ఆమెను కలుపుకున్నారు, సాయం చేశారు. ఆడవాళ్లు ఒక సంఘంగా కూర్చుంటే ఎంత బలమో ఆమె మొదటిసారి అక్కడే చూసింది. తర్వాత చేసిన పనులన్నిటికీ మూలం అదే అనిపిస్తుంది.

ఇక వ్యాపారం సంగతి. ఆ రోజుల్లో పేదల ఇళ్లలో నీటి కుళాయిలు ఉండేవి కావు. తలస్నానం ఎప్పుడో గాని కుదిరేది కాదు. దానికితోడు ఘాటైన సబ్బులు, సరైన తిండి లేకపోవడం. చాలామంది స్త్రీలకు మాడు పుండ్లుపడి జుట్టు ఊడిపోయేది. సారాకూ అదే జరిగింది. మందు కోసం వెతుకుతూ యానీ టర్న్‌బో అనే నల్లజాతి వ్యాపారి తయారుచేసిన జుట్టు లేపనం వాడింది. 1904 ప్రాంతంలో ఆమె దగ్గరే ఏజెంటుగా చేరి ఇంటింటికీ తిరిగి అమ్మింది. అంటే వేలమంది ఏజెంట్లకు యజమాని అయిన మనిషి, ముందు మరొకరి కింద ఏజెంటు. గుమ్మం ముందు నిలబడి అమ్మడం ఏమిటో, తలుపు మొహం మీద వేయించుకోవడం ఏమిటో ఆమెకు అనుభవంతోనే తెలుసు.

1905లో డెన్వర్ నగరానికి వెళ్లింది. చేతిలో రెండు డాలర్లు కూడా లేవు. పగలు వంటపని, రాత్రి అద్దె గదిలో లేపనం తయారీ. 1906 జనవరిలో పత్రికల ప్రకటనల పని తెలిసిన చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెళ్లి చేసుకుంది. అప్పటినుంచి తన సరుకు మీద మేడమ్ సి.జె. వాకర్ అని పేరు వేసుకుంది. తెల్లవారు నల్లజాతి స్త్రీని ఎంత పెద్దదైనా పేరు పెట్టి పిలిచే కాలం అది. డబ్బా మీద మేడమ్ అని అచ్చువేస్తే కొనేవాళ్లు ఎవరైనా ఆ మాట పలకాల్సిందే. మనమూ ఇక్కడినుంచి వాకర్ గారు అనే అందాం.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. తన పద్ధతిని, సరుకును చూసి వాకర్ గారు నకలు చేశారని యానీ టర్న్‌బో ఆరోపించారు. మందు సంగతి కలలో తెలిసిందని వాకర్ గారు చెప్పుకునేవారు. నిజానికి ఆ లేపనంలో ముఖ్యమైనది గంధకం. మాడు జబ్బులకు గంధకం వాడడం అప్పటికే ఉన్నదే. కాబట్టి సరుకు పూర్తిగా ఆమె కనిపెట్టింది అనలేం. సరుకును ఊరూరా చేర్చే మనుషులను తయారుచేయడంలోనే ఆమె గొప్పతనం ఉంది.

ఆ పని ఎలా జరిగిందో చూద్దాం. 1906లో భర్తతో కలిసి ఆమె దక్షిణాది రాష్ట్రాల యాత్ర మొదలుపెట్టారు. రోజుకు పది డాలర్లు వస్తే చాలు, ఆశకు హద్దుండాలి అని భర్త అభిప్రాయం. ఆమె ఒప్పుకోలేదు. ఒక ఊరికి వెళ్లగానే అక్కడి చర్చినో, సంఘం హాలునో అడిగి ఆడవాళ్లను పోగుచేసేవారు. అందరి ముందు ఒకరి తల శుభ్రంగా కడిగి, మాడుకు లేపనం ఎలా పట్టించాలో చూపించేవారు. ఆర్డర్లు రాసుకునేవారు. తర్వాత ఆ ఊళ్లోనే చురుకైన ఒకరిద్దరికి పని నేర్పి ఏజెంటుగా పెట్టి, తరువాతి ఊరికి వెళ్లేవారు. ఆర్డర్ల డబ్బు డెన్వర్‌కు పంపితే, అక్కడ కూతురు లీలియా సరుకు కట్టి పోస్టులో పంపేది. ఊళ్లో వాకర్ గారు లేకపోయినా అమ్మకం ఆగేది కాదు. తలకు రాసుకునేది కాబట్టి డబ్బా అయిపోతుంది. అయిపోగానే మళ్లీ ఆ ఊరి ఏజెంటు దగ్గరికే వస్తారు. ఏజెంటు సంపాదనకు ఆధారం ఆ రెండో డబ్బా, మూడో డబ్బానే.

1908లో పిట్స్‌బర్గ్‌లో శిక్షణ కోసం కూతురి పేరుతో లీలియా కాలేజీ పెట్టారు. 1910లో ఇండియానాపొలిస్ నగరానికి మారి అక్కడ ఫ్యాక్టరీ, సెలూన్, శిక్షణ కేంద్రం కట్టారు. ఫ్రీమన్ రాన్సమ్ అనే నల్లజాతి లాయరు లెక్కలు, కాగితాలు చూసుకునేవారు. అక్కడినుంచే ఏజెంట్లతో రాతపూర్వక ఒప్పందాలు, ఉత్తరాలు నడిచేవి. వాకర్ సరుకు, వాకర్ పద్ధతి మాత్రమే వాడాలి, శుభ్రత పాటించాలి అనేవి అందులో షరతులు. ఒక ఏజెంటు మురికి దువ్వెన వాడితే ఆ చెడ్డపేరు మిగతా అందరికీ తగులుతుందని ఆమెకు తెలుసు. మన కారం పొడిలో ఒక సంఘం తాలు కాయ కలిపితే పక్క సంఘం ప్యాకెట్ కూడా అమ్ముడుపోదు కదా, అలాగే.

ఆ ఏజెంట్లు ఎవరో కూడా గమనించాలి. ఎక్కువమంది అంతకుముందు ఇళ్లలో పాచిపని, వంట, బట్టలు ఉతకడం, పొలం కూలి చేసినవాళ్లే. నల్లజాతి స్త్రీకి అప్పట్లో అంతకుమించి పని దొరికేది కాదు. కొంతమంది ఈ సంపాదనతో సొంత ఇల్లు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించారు. అందరూ ఒకేలా సంపాదించారని కాదు. తిరిగినవాళ్లకు, సరుకు వాడే ఇళ్లను పోగొట్టుకోకుండా చూసుకున్నవాళ్లకు వచ్చింది. కంపెనీ చెప్పుకున్న లెక్క ప్రకారం శిక్షణ పొందినవాళ్లు 20 వేల మంది దాకా ఉన్నారు. 1913లో ఆమె జమైకా, క్యూబా, హైతీ, పనామా, కోస్టారికాలకు కూడా వెళ్లి అక్కడా అమ్మకాలు మొదలుపెట్టారు.

కష్టాలు లేకపోలేదు. 1912లో భర్తతో విడాకులయ్యాయి. ఆమె దగ్గరే పని నేర్చుకున్న ఒక ఏజెంటుతో కలిసి ఆ భర్తే పోటీ వ్యాపారం పెట్టాడు. ఇంట్లోవాళ్లు, చేతికింద పెరిగినవాళ్లు ఎదురుతిరిగితే ఎలా ఉంటుందో మనలో కొందరికి తెలుసు. ఆమె వ్యాపారం మాత్రం ఆగలేదు. కొనేవాళ్ల నమ్మకం భర్త మీద కాక సరుకు మీద, తమ ఊరి ఏజెంటు మీద ఉంది. వంకర జుట్టును తిన్నగా చేసి నల్లవాళ్లను తెల్లవాళ్లలా చూపిస్తున్నదని విమర్శించినవాళ్లూ ఉన్నారు. తన పని జుట్టు ఆరోగ్యం చూడడమేనని ఆమె వాదన. ఆ చర్చ ఇప్పటికీ తెగలేదు.

అదే 1912లో చికాగోలో నల్లజాతి వ్యాపారుల మహాసభ జరిగింది. పెద్దమనిషి బుకర్ టి. వాషింగ్టన్ అధ్యక్షుడు. వాకర్ గారు మాట్లాడతానని అడిగితే అవకాశం ఇవ్వలేదు. చివరి రోజున ఆమె సభలోనే లేచి నిలబడి, ఎక్కడినుంచి వచ్చారో, ఎంత వ్యాపారం చేస్తున్నారో చెప్పేశారు. మరుసటి ఏడు ఫిలడెల్ఫియా సభలో ఆమెను పిలిచి వేదిక మీద మాట్లాడించారు.

1916లో ఆమె న్యూయార్క్‌లోని హార్లెమ్‌కు మారారు. ఆ రోజుల్లోనే ఏజెంట్లను ఊరూరా క్లబ్బులుగా కట్టడం మొదలుపెట్టారు. మన భాషలో చెప్పాలంటే ముందు గ్రామ సంఘాలు, వాటన్నిటికీ కలిపి ఒక సమాఖ్య. సభ్యులు చిన్న మొత్తం చందా కట్టేవారు. సభ్యురాలు చనిపోతే కుటుంబానికి అందులోంచి సాయం. 1917 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో మొదటి మహాసభ జరిగింది. 200 మంది దాకా వచ్చారు. ఆ కాలానికి వ్యాపారం చేసే ఆడవాళ్లు అంతమంది ఒకచోట చేరడం అరుదు. ఎక్కువ అమ్మినవాళ్లకు బహుమతులు ఇచ్చారు. కొత్తవాళ్లకు పని నేర్పి చేర్చినవాళ్లకూ ఇచ్చారు. వీటితోపాటు తమ ఊళ్లో పేదలకు ఎక్కువ సాయం చేసిన క్లబ్బులను కూడా గౌరవించారు.

ఆ ఏడే జూలైలో ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో తెల్లవారి మూకలు నల్లవాళ్లను చంపి ఇళ్లు తగలబెట్టాయి. వాకర్ గారు హార్లెమ్ పెద్దలతో కలిసి ప్రెసిడెంటు విల్సన్‌ను కలవడానికి వెళ్లారు. ఆయన కలవలేదు. మహాసభకు వచ్చిన ఏజెంట్లు మూక హత్యలను ఆపే చట్టం కావాలని తీర్మానం చేసి ప్రెసిడెంటుకు టెలిగ్రాం పంపారు. జుట్టు లేపనం అమ్ముకునే ఆడవాళ్లు దేశాధినేతకు తీర్మానం పంపారు. డబ్బుతోపాటు గొంతు కూడా వచ్చిందంటే ఇదే.

రక్తపోటు, కిడ్నీ జబ్బుతో 1919 మే 25న, 51 ఏళ్లకే ఆమె చనిపోయారు. సొంతంగా సంపాదించి అమెరికాలో కోటీశ్వరురాలైన మొదటి స్త్రీగా ఆమెను గిన్నిస్ పుస్తకం గుర్తించింది. బతికుండగా చేసిన దానాల్లో 1911లో ఇండియానాపొలిస్ నల్లజాతి యువకుల భవనానికి ఇచ్చిన 1000 డాలర్లు, చివరి రోజుల్లో మూక హత్యల వ్యతిరేక నిధికి ఇచ్చిన 5000 డాలర్లు ముఖ్యమైనవి. కంపెనీకి ఆ తర్వాత వచ్చే లాభంలో మూడింట రెండు వంతులు ధర్మకార్యాలకు వెళ్లాలని వీలునామా రాశారు. ఆమె పేరుతో 1927లో తెరిచిన భవనం ఇండియానాపొలిస్‌లో ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. వాకర్ గారి ఏజెంటుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చేది? తల మీద పుండు ఉండి, డబ్బా కొని, తగ్గితే మళ్లీ కొనే ఇంటినుంచి వచ్చేది. ఆ ఇల్లాలు ఏజెంటుగా చేరకపోయినా డబ్బా కొంటుంది. శిక్షణకు రుసుము ఉండేది, అయితే దానికి బదులు చేతికి పని వచ్చేది. కంపెనీ పోయినా ఆ పని పోదు.

ఇప్పుడు మన ఊళ్లకు వచ్చే గొలుసు స్కీముల్లో చాలావాటిలో ఇది తిరగబడి ఉంటుంది. సరుకు పేరుకే. డబ్బు వచ్చేది కొత్తగా చేరేవాళ్లు కట్టే సొమ్ములోంచి. ఒకరు ఐదుగుర్ని, ఆ ఐదుగురు తలా ఐదుగుర్ని చేర్పించాలంటారు. వేళ్ల మీద లెక్కేద్దాం. 5, 25, 125, 625, 3,125, 15,625. ఏడో మెట్టుకు 78,125 మంది కావాలి. మన మండలంలో అంతమంది ఆడవాళ్లు ఎక్కడున్నారు? అంటే ఎక్కడో ఒకచోట గొలుసు తెగక తప్పదు. తెగినప్పుడు నష్టపోయేది చివర చేరినవాళ్లు, వాళ్లే ఎక్కువమంది. చేర్పించింది మన చెల్లెలు, వదిన, పక్కింటి పిన్ని కాబట్టి డబ్బుతోపాటు చుట్టరికం కూడా పోతుంది.

ఇలాంటి వాటిని అడ్డుకోవడానికే 1978లో డబ్బు చలామణి స్కీముల నిషేధ చట్టం వచ్చింది. 2021 డిసెంబరులో డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు కూడా వచ్చాయి. వాటి ప్రకారం అమ్మకందారుగా చేరడానికి రుసుం వసూలు చేయకూడదు. రాతపూర్వక ఒప్పందం ఉండాలి. కంపెనీకి మన దేశంలో ఆఫీసు ఉండాలి. గొలుసు స్కీములు నడపకూడదు. ఇంటికి వచ్చే అమ్మకందారు దగ్గర గుర్తింపు కార్డు ఉండాలి. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఇంటి వ్యాపారానికి అప్పు అడిగిన సభ్యురాలిని గ్రామ సంఘం సమావేశంలో ఈ నాలుగు ప్రశ్నలు అడగమని కోరుతున్నాం. మొదటిది, కొత్తవాళ్లు ఒక్కరు కూడా చేరకపోయినా సరుకు అమ్ముకుని బతకగలమా? రెండోది, కొన్నవాళ్లు అది అయిపోయాక మళ్లీ అదే ధరకు కొంటారా? మూడోది, చేరడానికి ముందే డబ్బు కట్టమంటున్నారా, అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాసిస్తున్నారా? నాలుగోది, మనం చేర్పించిన మనిషికి నష్టం వస్తే ఆమె ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడగలమా? నాలుగిటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగితే అప్పు ఇవ్వడంలో తప్పులేదు. చెప్పలేకపోతే ఆ నెలకు ఆపి, వివరాలు తెచ్చాక మళ్లీ చూడాలి. ఇది అనుమానంతో అడిగేది కాదు. సంఘం డబ్బు అందరిదీ కాబట్టి అడిగేది.

అమ్మడానికి మన దగ్గర సరుకు లేకనా? గుంటూరు కారం పేరు చెబితే దేశమంతా తెలుసు. యార్డుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో కూర్చుని తొడిమలు తీసేది మనమే. ఏ కాయలో రంగుంది, ఏ కాయలో ఘాటుంది, ఏది తాలు అనేది చేత్తో పట్టుకుంటే చెప్పగలం. పచ్చళ్లు, అప్పడాలు, కారప్పొళ్లు చేసే సంఘాలు మన సమాఖ్యలో ఉన్నాయి. వాటికి ఇంతవరకు లేనిది ఊరు దాటి అమ్మే మనుషులు. వచ్చే ఏడు ఒక్కో గ్రామ సంఘంనుంచి మాట చొరవ ఉన్న ఇద్దరిని ఎంచుకుని, వాళ్లకు సరుకు చూపించడం, రుచి చూపించడం, లెక్క రాయడం నేర్పిద్దాం. అరువు ఇవ్వకుండా అమ్మడం కూడా నేర్పాల్సిన పనే. మొదటి ప్యాకెట్ ఎన్ని అమ్మారని కాక, రెండోసారి ఎంతమంది అడిగారని నెలనెలా రాసుకుందాం. ఆ లెక్కను వచ్చే ఏడాది నివేదికలో ఇదే చోట చదువుకుందాం.